20 మెగావాట్ల సోలార్ ప్లాంటుకి కమ్యూనికేషన్ లైన్లు: ఆర్‌ఎస్‌-485నా, పవర్‌లైనా, ఫైబరా?

జనగామ సైట్:

అందరికీ నమస్తే. జనగామ దగ్గర 20 మెగావాట్ల (ఏసీ) గ్రౌండ్ మౌంట్ ప్లాంటు. సుమారు 90 ఎకరాలు, సగం చెలక, సగం నల్లరేగడి. 250 కిలోవాట్ల స్ట్రింగ్ ఇన్వర్టర్లు (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చే పెట్టెలు) 80. నాలుగు బ్లాకులు, బ్లాకుకి 20 ఇన్వర్టర్లు, ఒక 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్ (800 వోల్టుల నుంచి 33 కేవీకి). కంట్రోల్ రూమ్ నుంచి దూరపు బ్లాకు ట్రెంచ్ వెంబడి కొలిస్తే 900 మీటర్లు. బ్లాకు లోపల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి చివరి ఇన్వర్టర్ 280 మీటర్లు. కరెంటు 6 కిలోమీటర్ల అవతల 132/33 కేవీ సబ్‌స్టేషన్‌కి పోతుంది.

ఇన్వర్టర్ల డేటాని కంట్రోల్ రూమ్‌కి ఎలా తేవాలన్నదే ప్రశ్న, ముగ్గురు మూడు మాటలు చెబుతున్నారు. కాంట్రాక్టర్ మాట: క్యాట్‌-6 కేబుల్ మీద ఆర్‌ఎస్‌-485 (జంట తీగల మీద డేటా పంపే పద్ధతి), బ్లాకుకి ఒకే లైను, 20 ఇన్వర్టర్లనూ కలుపుకుంటూ నేరుగా కంట్రోల్ రూమ్‌కి. 1200 మీటర్ల వరకు పోతుంది కదా అంటున్నాడు. ఇన్వర్టర్ కంపెనీ మనిషి మాట: అసలు కేబులే వద్దు, 800 వోల్టుల తీగల మీదే పవర్‌లైన్ కమ్యూనికేషన్ నడుస్తుంది. డిజైన్ కన్సల్టెంట్ మాట: బ్లాకుకో కమ్యూనికేషన్ డబ్బా, వాటి మధ్యలో ఫైబర్ రింగ్ (ఒకచోట తెగినా రెండో దారి ఉండే వలయం).

ఇంకోటి, ప్రోటోకాల్స్. ఇన్వర్టర్ల దగ్గర మోడ్‌బస్ (ప్రశ్న అడిగి జవాబు చదివే ప్రోటోకాల్) సరే. ఎస్‌ఎల్‌డీసీకి (రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్) ఐఈసీ 104 అంటున్నారు, స్విచ్‌గేర్ వాళ్లు ఐఈసీ 61850 (సబ్‌స్టేషన్ పరికరాల ప్రోటోకాల్) తీసుకొమ్మంటున్నారు. ఇంత చిన్న ప్లాంటుకి ఇవన్నీ అవసరమా? ట్రెంచ్ పని వచ్చే వారం మొదలు.

రేగడి వైరింగ్:

ట్రెంచ్ తవ్వకముందే అడిగినవ్, మంచిగయింది తమ్మీ. తవ్వి పూడ్చినంక అడిగితే ఎవరూ ఏం చెయ్యలేరు.

మీ కన్సల్టెంట్ చెప్పిందే సరైనది: బ్లాకుల మధ్య ఫైబర్, బ్లాకు లోపల ఆర్‌ఎస్‌-485. ఆ 1200 మీటర్ల లెక్కను అందరూ తప్పుగా చదువుతరు. అది మంచి కేబుల్ మీద, తక్కువ స్పీడులో, ఒక చివర నుంచి ఇంకో చివరకు తీగ వెంబడి కొలిచిన పొడుగు. మీ బ్లాకుల చివరి ఇన్వర్టర్ 280 మీటర్లే కావొచ్చు, కానీ వరుస వరుసకు తిరిగి 20 ఇన్వర్టర్లను కలిపేసరికి తీగ 600 మీటర్లు దాటుతది. దానికి 900 కలుపు. అయిపోయింది లెక్క.

పొడుగు ఒక్కటే కాదు, భూమి సంగతి ఇంకా పెద్దది. ఆర్‌ఎస్‌-485 చిప్పు తన గ్రౌండుకూ లైనుకూ మధ్య మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల తేడా వరకే తట్టుకుంటది. కిలోమీటర్ దూరంల ఉన్న రెండు ఎర్త్‌పిట్ల మధ్య, పిడుగు పడ్డ క్షణాన ఆ తేడా వేల వోల్టులకు పోతది. మే నెల గాలివానల్ల ఒక్క మెరుపుకు లైను మీదున్న కార్డులన్నీ పోయేది ఇందుకే. ఫైబర్ గాజు కాబట్టి ఆ దారే మూసుకపోతది.

ఫైబర్: 12 కోర్ల సింగిల్‌మోడ్, జీ.652డీ రకం, స్టీల్ టేప్ ఆర్మర్ ఉన్నది. 40 ఎంఎం హెచ్‌డీపీఈ పైపుల వేయాలె. ఆర్మర్ ఎందుకంటే పందికొక్కులు. పైపును కూడ కొరుకుతయి, నమ్మకు. రేగడి వైపు ఎండాకాలం నేల నెర్రెలిచ్చి పైపు కప్లింగులను గుంజుతది. అక్కడ అడుగున ఇసుక పరుపు వెయ్యి, కేబుల్‌ను బిగుతుగా గుంజకు, ప్రతి ఛాంబర్‌ల 10 మీటర్ల చుట్ట వదులు. ఆర్మర్‌ను ఒక్క చివరనే ఎర్త్ చెయ్యి. రెండు వైపులా చేస్తే గాజు వేసి తప్పించుకున్న ఎర్త్ తేడాను ఆర్మర్ మోసుకొస్తది.

లాస్ (దారిల వెలుగు తగ్గుడు, డీబీలల్ల కొలుస్తరు) గురించి భయం అక్కర్లేదు. 1310 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.35 డీబీ. 2 కిలోమీటర్లకు 0.7, నాలుగు స్ప్లైసులకు (ఫైబర్ అతుకులు) 0.4, రెండు కనెక్టర్లకు 1. మొత్తం 2.1 డీబీ. 10 కిలోమీటర్ల మామూలు గిగాబిట్ మాడ్యూల్‌కు 10 డీబీ దాకా ఓపిక ఉంటది. ఎక్కువ దూరం పోయేది మంచిదని 40 కిలోమీటర్ల మాడ్యూల్ కొనకు, దగ్గరి లింకులో వెలుగు ఎక్కువై రిసీవర్ గుడ్డిదయితది.

ఇగ బ్లాకు లోపలి లైను. క్యాట్‌-6 ఇంపెడెన్సు 100 ఓమ్స్, 485కు కావాల్సింది 120. చిన్న దూరంల నడుస్తది, కానీ అసలు గొడవ అది కాదు. దాని తీగ సన్నటి ఒంటి రాగి పోగు, ఇన్వర్టర్ టెర్మినల్ స్క్రూ కింద రెండు మూడు సార్లు విప్పి బిగిస్తే తెగుతది. పై తోలు ఎండకు పగులుతది. రెండు పెయిర్ల షీల్డెడ్ ట్విస్టెడ్ కేబుల్, 120 ఓమ్స్, 0.5 స్క్వేర్ ఎంఎం పోగుల తీగ, ఆర్మర్డ్, ఎండను తట్టుకునే తోలు ఉన్నది తీసుకో. ఒక పెయిర్ ఏ, బీ అనే రెండు సిగ్నల్ టెర్మినళ్లకు. రెండో పెయిర్‌ల ఒక తీగ కామన్‌కు (అన్ని పరికరాల సిగ్నల్ గ్రౌండును కలిపేది). కామన్ తీగను చాలామంది ఎగ్గొడతరు, వానాకాలం వచ్చినంక లైను ఎందుకు ఊగుతుందో అర్థంకాక తిరుగుతరు. ప్రతి తీగకు ఫెర్రూల్ (చివరకు తొడిగే చిన్న లోహపు గొట్టం) కొట్టాలె. షీల్డ్‌ను ప్రతి ఇన్వర్టర్ దగ్గర కలుపుకుంటూ పోయి, డబ్బా వైపు ఒక్కచోటే ఎర్త్ చెయ్యాలె.

ఒక ఇన్వర్టర్ నుంచి ఇంకోదానికి, గొలుసు లెక్కన పోవాలె. మధ్యల జంక్షన్ బాక్స్ పెట్టి నాలుగు దిక్కులకు కొమ్మలు తీయొద్దు. 120 ఓమ్స్ రెసిస్టర్ రెండు చివర్లనే. 800 వోల్టుల కేబుళ్ల నుంచి 300 ఎంఎం ఎడం ఉంచి, దాటాల్సివస్తే అడ్డంగా 90 డిగ్రీల్ల దాటించు. స్ట్రక్చర్‌కు కట్టే కేబుల్‌ను మాడ్యూల్ కింద పైకి కట్టు, కిందికి వేలాడితే గడ్డికోత మిషన్ వానాకాలం చివర్ల దాని పని పడతది. వెదర్ స్టేషన్ స్తంభం మీది కేబుల్ మొత్తం జీఐ పైపుల పెట్టు. మన దిక్కు కోతుల సంగతి నీకు చెప్పేదేముంది.

స్కాడా హనుమకొండ:

వైరింగ్ గురించి పై అన్న చెప్పినదానికి నేను కలిపేది ఒక్కటే: బ్లాకుకి ఒక లైను కాదు, రెండు వేయండి, లైనుకి 10 ఇన్వర్టర్లు. కారణం సమయం.

9600 బాడ్‌లో (సెకనుకి 9600 బిట్లు), 8-ఎన్‌-1 సెట్టింగ్‌తో (అక్షరానికి 10 బిట్లు) సెకనుకి 960 అక్షరాలు పోతాయి. 60 రిజిస్టర్లు (ఇన్వర్టర్ విలువలు ఉంచే రెండు బైట్ల గడులు) అడిగితే జవాబు 125 బైట్లు, అంటే 130 మిల్లీసెకన్లు. ప్రశ్నకి 8, ఇన్వర్టర్ ఆలోచించుకోవడానికి సుమారు 50, మధ్య ఖాళీలు. ఒక్క ప్రశ్నకి దాదాపు 200. ఇన్వర్టర్‌కి రెండు ప్రశ్నలైతే 20 ఇన్వర్టర్ల చుట్టు 8 సెకన్లు. ఇందులో ఒక్క ఇన్వర్టర్ ఆగిపోయిందనుకోండి: టైమ్‌అవుట్ 1 సెకను, మూడు ప్రయత్నాలు, రెండు ప్రశ్నలు, అదొక్కటే ఇంకో 6 సెకన్లు తింటుంది. కాబట్టి టైమ్‌అవుట్ 300 మిల్లీసెకన్లకి తగ్గించి, ఒక్కసారే మళ్లీ ప్రయత్నించనివ్వండి. జవాబివ్వనిదాన్ని నిమిషానికోసారి మాత్రమే పలకరించేలా గేట్‌వేలో (485 లైనుని నెట్‌వర్క్‌కి కలిపే పెట్టె) పెట్టండి.

డేటాని రెండు ముక్కలు చేయండి. పవర్, రియాక్టివ్ పవర్, స్టేటస్, అలారం: ఇవి 10 రిజిస్టర్లలో వరుసగా ఉంటే ఒక్కో ఇన్వర్టర్‌కి 90 మిల్లీసెకన్లు చాలు, 10 ఇన్వర్టర్లు సెకనులోపు అయిపోతాయి. స్ట్రింగ్ కరెంట్లు, ఉష్ణోగ్రతలు, మొత్తం యూనిట్లు నిమిషానికోసారి చదివితే సరిపోతుంది. అన్నిటినీ ఒకే వేగంతో చదవాలనుకోవడం దగ్గరే చాలా ప్లాంట్లు నెమ్మదిస్తాయి.

ప్లాంట్ కంట్రోలర్ ఉంటుంది కదా, దాని గురించి. ఎస్‌ఎల్‌డీసీ నుంచి బ్యాక్‌డౌన్ (ఉత్పత్తి తగ్గించమనే) ఆదేశం వస్తే 80 ఇన్వర్టర్లకీ ఒక్కొక్కటిగా రాయకండి. మోడ్‌బస్ ఆర్‌టీయూలో (485 లైను మీద నడిచే మోడ్‌బస్ రకం) చిరునామా 0 అంటే బ్రాడ్‌కాస్ట్, లైను మీద అందరూ ఒకేసారి వింటారు. జవాబు రాదు కాబట్టి తర్వాత చదివి సరిచూసుకోవాలి. మీ ఇన్వర్టర్ ఆ రిజిస్టర్‌కి బ్రాడ్‌కాస్ట్ ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూడండి.

దీనికంటే ముఖ్యమైనది: ఆ సెట్‌పాయింట్ (ఎంత పవర్ ఇవ్వాలో చెప్పే విలువ) రిజిస్టర్ శాశ్వత మెమరీలో రాసేదా, తాత్కాలికమా? ఈఈప్రామ్ (ఆ శాశ్వత మెమరీ) మామూలుగా లక్ష సార్లు రాయడానికి తట్టుకుంటుంది. సెకనుకోసారి రాస్తే రోజుకి 86,400. రెండో రోజు సాయంత్రానికి ఆ లక్ష దాటిపోతుంది. ఈ ప్రశ్నకి ఇన్వర్టర్ కంపెనీ దగ్గర రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. విలువ మారినప్పుడే రాసేలా కంట్రోలర్‌లో పెట్టండి.

485 లైనుకి మాస్టర్ ఒక్కరే. ఇన్వర్టర్ కంపెనీ డేటా లాగర్ ఒకటి, మీ స్కాడా (ప్లాంటుని చూస్తూ నడిపే కంప్యూటర్ వ్యవస్థ) ఒకటి, రెండూ అదే తీగ మీద అడిగితే మాటలు గుద్దుకుంటాయి, సీఆర్‌సీ ఎర్రర్లు (సందేశం చెడిందనే గుర్తు) వస్తాయి, అందరూ కేబుల్‌ని తిడతారు. బ్లాకు డబ్బాలోని గేట్‌వే ఒక్కటే లైనుని చదవాలి, మిగతావాళ్లంతా దాన్ని మోడ్‌బస్ టీసీపీలో (పోర్ట్ 502) అడగాలి. గేట్‌వే ఏకకాలంలో ఎన్ని కనెక్షన్లు ఇస్తుందో కొనేముందే చూడండి.

రిజిస్టర్ మ్యాప్‌లో రెండు చోట్ల చేయి కాలుతుంది. మాన్యువల్‌లో 40001 అని రాసింది తీగ మీద 0గా పోతుంది, ఒకటి అటూఇటూ అయితే వోల్టేజ్ చోట ఫ్రీక్వెన్సీ కనిపిస్తుంది. 32 బిట్ల విలువల్లో ఏ పదం ముందు వస్తుందో కంపెనీకో తీరు. పవర్ కోట్లలోనో, అర్థంలేని నెగటివ్‌లోనో కనిపిస్తే రెండు పదాలనూ తారుమారు చేసి చూడండి.

61850 సంగతి: రెండు మూడు 33 కేవీ ప్యానళ్ల కోసం గూస్ (61850లో రిలేల మధ్య వేగంగా ట్రిప్ సిగ్నళ్లు పంపే భాగం) అవసరం లేదు. ట్రిప్, ఇంటర్‌లాక్ సిగ్నళ్లు రాగి తీగ మీదే ఉండనివ్వండి. రిలేలు ఎలాగూ 61850తోనే వస్తున్నాయి కాబట్టి వాటి రీడింగులు, ఫాల్ట్ రికార్డులు తీసుకోవడానికి ఎంఎంఎస్ (61850లో డేటా చదివే భాగం) వాడుకోండి, అంతవరకే. దానికోసం అదనంగా డబ్బు అడిగితే ఇవ్వకండి.

గోదావరిఖని:

మీరడిగిన పవర్‌లైన్ గురించి ఎవరూ జవాబివ్వలేదు, కాబట్టి నేను. అది పనికిరాని వస్తువేం కాదు. హువావే వాళ్లు ఎంబస్ పేరుతో ఇచ్చేది ఈ రకమే. బ్లాకు లోపలి 485 కేబుల్, గ్లాండ్లు, ఫెర్రూల్స్, సర్జ్ ప్రొటెక్టర్లు అన్నీ మిగులుతాయి. గడ్డికోత మిషన్‌కి తెగేదేమీ ఉండదు.

కానీ ఒప్పుకునేముందు మూడు సంగతులు అడగండి. సిగ్నల్ ఎక్కించే డబ్బా ఎల్‌టీ ప్యానెల్ బస్‌బార్ మీద ఉంటుంది. ఒక ఫీడర్ బ్రేకర్ ట్రిప్ అయితే దాని అవతలి ఇన్వర్టర్లు స్కాడాలో మాయమవుతాయి, సరిగ్గా ఏమైందో తెలియాల్సిన సమయంలోనే. పవర్‌లైన్ వాడే ఎలాంటి డిజైన్‌లోనైనా ఉండే లోపం ఇది. రెండోది, కేబుల్ రకం: త్రీకోర్‌కి ఇచ్చే దూరం వేరు, విడివిడి సింగిల్‌కోర్ కేబుళ్లు దూరదూరంగా వేస్తే ఇచ్చే దూరం వేరు. మీ ఏసీ కేబుల్ డ్రాయింగ్ చూపించి రాయించుకోండి. మూడోది, ఏడేళ్ల తర్వాత ఇన్వర్టర్ పోతే ఇంకో కంపెనీది పెట్టలేరు, ఆ భాష వాళ్లకే తెలుసు.

నా అభిప్రాయం: 80 ఇన్వర్టర్లూ ఒకే కంపెనీవి, పదేళ్ల ఓ అండ్ ఎం (నడపడం, నిర్వహణ) కూడా వాళ్లదే అయితే పవర్‌లైన్ తీసుకోవచ్చు. ఓ అండ్ ఎం మీ చేతిలో ఉంటే 485 వేయండి. రెండింటిలోనూ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కంట్రోల్ రూమ్‌కి ఫైబరే.

వైర్‌లెస్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు మీకు. 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు, ట్రాకర్లకి, మట్టి తేమ సెన్సర్లకి బాగుంటుంది. బ్యాక్‌డౌన్ ఆదేశాలకి వాడొద్దు.

ప్లాంటు ఆకారం డిజైన్‌ని ఎలా మారుస్తుందో చూడాలంటే రామగుండం ఎన్‌టీపీసీ రిజర్వాయర్ మీదున్న 100 మెగావాట్ల ఫ్లోటింగ్ ప్లాంటు చూడండి. 2.5 మెగావాట్ల బ్లాకులు 40, ఒక్కోదానికి ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ బ్రేకర్ నీళ్ల మీదే తేలే ఒక ప్లాట్‌ఫాం మీద. ఇన్వర్టర్ ఒక్కచోటే ఉన్నప్పుడు పొడవాటి 485 గొలుసు సమస్యే పుట్టదు. మీది స్ట్రింగ్ ఇన్వర్టర్ల ప్లాంటు, అందుకే ఈ తలనొప్పి.

జనగామ సైట్:

అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. రింగ్ అంటే పోను ఒక ట్రెంచ్, రాను ఒక ట్రెంచ్ అంటున్నారు, రెండో ట్రెంచ్‌కి మేనేజ్‌మెంట్ ఒప్పుకోవడం లేదు. అదే ట్రెంచ్‌లో రెండో కేబుల్ వేస్తే? ఇంకోటి, 6 కిలోమీటర్ల అవతలి సబ్‌స్టేషన్‌కి, ఎస్‌ఎల్‌డీసీకి లింక్ ఎలా?

రేగడి వైరింగ్:

అదే ట్రెంచ్‌ల రెండు కేబుళ్లు వేస్తే జేసీబీ పన్ను రెండింటినీ ఒకేసారి కోస్తది. అది రింగ్ కాదు, కాగితం మీది రింగ్.

కొత్త ట్రెంచ్ ఎందుకు? ప్రహరీ వెంబడి సీసీ కెమెరాలకు, లైట్లకు ఎట్లాగూ తవ్వుతున్నరు కదా. తిరుగు దారి అందుల్నుంచి తీసుకపో. ఖర్చు కేబుల్‌ది, పైపుది మాత్రమే. 12 కోర్లల్ల 2 రింగ్‌కు, 2 కెమెరాలకు, 2 ప్లాంట్ కంట్రోలర్‌కు విడిగా. మిగిలిన 6 స్పేర్, కానీ వాటిని కూడ ఇప్పుడే స్ప్లైస్ చేసి ఓటీడీఆర్ (ఫైబర్‌ను పరీక్షించే మిషన్) కొట్టి రికార్డు పెట్టుకో. కెమెరాలు వేరే స్విచ్ మీద ఉండాలె. కెమెరా వీడియోను కంట్రోల్ నెట్‌వర్క్ మీదకు రానియ్యకు.

స్విచ్‌లు ఐదు (నాలుగు బ్లాకులు, ఒక కంట్రోల్ రూమ్), డిన్ రైల్ ఇండస్ట్రియల్ రకం, 75 డిగ్రీల దాకా తట్టుకునేవి. మే నెలల బయట 45 ఉంటే మూసిన డబ్బా లోపల 65 ఉంటది. అందుకే డబ్బాకు ఎండ రేకు పెట్టు, ట్రాన్స్‌ఫార్మర్ నీడ పడే వైపు పెట్టు. యూపీఎస్ బ్యాటరీని డబ్బాల పెట్టకు. లెడ్ యాసిడ్‌కు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమయితది. రింగ్ ప్రోటోకాల్ ఎంఆర్‌పీ పెట్టుకుంటే తెగినా 200 మిల్లీసెకన్లల్ల దారి మారుతది. కంపెనీ సొంత రింగ్ ఏదో ఉందని అంటే వద్దను, రేపు ఇంకో కంపెనీ స్విచ్ అందుల కలవదు.

స్కాడా హనుమకొండ:

సబ్‌స్టేషన్ లింక్‌కి 33 కేవీ స్తంభాల మీద ఏడీఎస్‌ఎస్ (లోహం లేని, స్తంభాలకి వేలాడే) ఫైబర్ వేయొచ్చు. లైను ఎవరి ఆస్తిగా ఉండబోతోందో, ఆ సంస్థ (ఇక్కడైతే టీజీఎన్‌పీడీసీఎల్ లేదా ట్రాన్స్‌కో) అనుమతి ముందే తీసుకోండి. లైను అప్పగించాక అడిగితే నెలలు పడుతుంది. 6 కిలోమీటర్లకి లాస్ 3.5 డీబీ దరిదాపు, అదే 10 కిలోమీటర్ల మాడ్యూల్ చాలు. రెండో దారిగా వేర్వేరు కంపెనీల రెండు సిమ్‌లతో 4జీ రూటర్, వీపీఎన్ మీద. 502 (మోడ్‌బస్), 2404 (ఐఈసీ 104) పోర్టులని ఇంటర్నెట్‌కి తెరవకండి. మోడ్‌బస్‌కి పాస్‌వర్డ్ అనేదే లేదు, ఎవరు రాసినా ఇన్వర్టర్ వింటుంది. సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) 2021 సైబర్ సెక్యూరిటీ మార్గదర్శకాలు కంట్రోల్ నెట్‌వర్క్‌ని ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వేరు చేయమంటాయి, తనిఖీలో అడుగుతారు.

ఎస్‌ఎల్‌డీసీకి 104 (టీసీపీ పోర్ట్ 2404). పాత సబ్‌స్టేషన్లలో ఐఈసీ 101 సీరియల్ అడగొచ్చు, కాబట్టి ఆర్‌టీయూ (ఇక్కడ ఎస్‌ఎల్‌డీసీకి డేటా పంపే పెట్టె) రెండూ ఉన్నది కొనండి. 104లో ఏఎస్‌డీయూ (డేటా సందేశం) చిరునామా 2 బైట్లు, ఎందుకు పంపుతున్నదో చెప్పే కారణం 2, ఆబ్జెక్ట్ చిరునామా 3, ఇవి మారవు. 101లో ఇవన్నీ మార్చుకోదగ్గవి, రెండు వైపులా ఒకేలా లేకపోతే లింక్ వచ్చినట్టే ఉండి ఒక్క విలువ కూడా రాదు. మెగావాట్లు, మెగావార్లు, వోల్టేజ్, ఫ్రీక్వెన్సీ, బ్రేకర్ స్టేటస్, రేడియేషన్, ఉష్ణోగ్రత: ఈ పాయింట్ల జాబితాని వాళ్ల సంతకంతో తీసుకోండి. బయటికి పంపే పవర్ ప్లస్సా మైనస్సా అన్నది అందులోనే రాయించండి. టైమ్‌స్టాంప్ యూటీసీనా మన టైమా అన్నది కూడా. ఐదున్నర గంటల తేడాతో అలారాలు పోతే, 15 నిమిషాల టైమ్ బ్లాకుల లెక్కతో పోల్చేటప్పుడు ఏదీ కలవదు. జీపీఎస్ క్లాక్ ఒకటి పెట్టి అన్నిటికీ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద ఒకే టైమ్) ఇవ్వండి.

గోదావరిఖని:

టెస్టింగ్ గురించి ఒక్క మాట. లైను మీద కరెంటు లేనప్పుడు మల్టీమీటర్‌తో ఏ, బీల మధ్య కొలవండి. 60 ఓమ్స్ దగ్గర రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టర్ లేదు, 40 వస్తే మధ్యలో ఎవరో మూడోది ఆన్ చేసి వదిలేశారు. చాలా ఇన్వర్టర్లలో అది చిన్న డిప్ స్విచ్, ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో రావొచ్చు. పవర్ ఇచ్చి, ఎవరూ మాట్లాడనప్పుడు ఏ, బీల మధ్య 200 మిల్లీవోల్టులకి పైన ఉండాలి, లేకపోతే గేట్‌వేలో బయాస్ (లైనుకి చిన్న నిలకడ వోల్టేజ్ ఇచ్చేది) ఆన్ చేయండి. ఒక్క ఇన్వర్టరే జవాబివ్వకపోతే దాని దగ్గర ఏ, బీ తారుమారు చేసి చూడండి, ఈ పేర్లు కంపెనీకో రకం.

కాంట్రాక్టర్ పొద్దున 8 గంటలకి టెస్ట్ చూపించి సంతకం అడుగుతాడు. అప్పుడు ఇన్వర్టర్లు దాదాపు ఖాళీగా తిరుగుతుంటాయి. మబ్బులేని రోజు మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, ఫుల్ లోడ్‌లో, లైనువారీగా సీఆర్‌సీ ఎర్రర్లు, టైమ్‌అవుట్లు లెక్కపెట్టి, ఆ కాగితం మీద సంతకం పెట్టండి.